బాదం చెట్టు కింద శిశిరం

అక్టోబరు వస్తే చాలు, న్యూజెర్సీలో స్థిరపడ్డ నెల్లూరు పిల్లలు ఎర్రటి మేపుల్ చెట్ల ఫొటోలు వాట్సాప్‌లో పంపడం మొదలుపెడతారు. ఇక్కడ వాళ్ల అమ్మానాన్నలేమో వాయుగుండం కబురు కోసం టీవీ ముందు కూర్చునుంటారు.

నెల్లూరుకు ఏడాదిలో పడే వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలు తెచ్చేదే. శరత్తులో ఇక్కడి చెట్టు ఆకు రాల్చదు, తడిసి ఇంకాస్త పచ్చబడుతుంది. రంగులు చూడాలంటే సంక్రాంతి వెళ్లనివ్వాలి. అప్పుడు కూడా ఎక్కడికో పోనక్కర్లేదు, ముదురు నాటు బాదం చెట్టున్న వీధి ఒకటి దొరికితే చాలు. రాలిన ఆకు చేతిలోకి తీసుకుంటే ఈనె పక్కన పసుపు, అంచుకు వచ్చేసరికి కుంకుమ రంగు. రాలే ముందు ఆకులోని పత్రహరితం విరిగిపోతుంది, ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు పోగవుతాయి. మేపుల్‌ ఎరుపు వెనకా అవే. కాకపోతే దానికి టూరిస్టులు, బాదానికి చీపురుకట్ట! వాకిలి పాడుచేస్తోందని కొమ్మలు నరికించే ఇంటివాళ్లే అమెరికా ఫొటోకు లైకు కొడతారు. మైపాడు దారి పట్టి సరుగుడు తోపుల్లో మాత్రం ఈ వేడుక వెతకొద్దు, అక్కడ ఏడాదంతా ఒకటే పచ్చ. ఊళ్లోనే ఉండి, ఉగాది దగ్గరపడ్డాక రావిచెట్టు కింద పొద్దున్నే నిలబడి తలెత్తాలి. ఎండ పడ్డ లేత చిగురు, అప్పుడే చింతపండుతో తోమిన రాగి చెంబులా ఉంటుంది.