అటక మీది అమానతులు

షాబాన్ మాసం సగం గడిచేసరికి మన ఇళ్ళలో దుమ్ము దులపడం ఆరంభమవుతుంది. హిందూపురంలోగాని, పెనుకొండలోగాని, ధర్మవరంలోగాని ఈ రోజులలో ముస్లిముల వీధులలో అడుగుపెడితే గోడలకు సున్నము, ఎండకు వేసిన పరుపులు, అటకలపై నుండి దింపిన పెట్టెలు కానవస్తాయి. ఉగాదికి ముందు హిందువుల ఇళ్ళలోను, క్రిస్మస్‌కు ముందు క్రైస్తవుల ఇళ్ళలోను ఇదే సందడి. ఇల్లు కడగడం మనసు కడుక్కోవడానికి సూచన అని అన్ని మతాల బోధకులూ అంటారు. మేమూ జుమా ప్రసంగాలలో అంటూనే ఉన్నాము. శ్రోతలు తృప్తిగా ఇంటికి వెళ్తారు. పెట్టెలోనిది పెట్టెలోనే ఉంటుంది. కనుక ఈ నెల ఉపమానాన్ని పక్కనబెట్టి పెట్టెనే తెరిచి చూద్దాము.

మొదట పాత బట్టల మూట. రంజాన్ ముందు మదరసాలకు ఇటువంటివి వస్తుంటాయి. పంపినవారి ఉద్దేశాన్ని మేము శంకించము. కాని విప్పితే గుండీలు లేని చొక్కాలు, మసి అంటిన దుప్పట్లు, ఒక్కొక్కసారి జత లేని చెప్పు బయటపడతాయి. విద్యార్థులు ఏమీ అనరు. అయితే తన చేతికి వచ్చినది దానమో చెత్తో పన్నెండేళ్ళ పిల్లవానికి తెలియదనుకోవడం పెద్దల అమాయకత్వం. మదీనాలో పేద సహచరుల కొరకు అన్సారులు మస్జిదులో ఖర్జూరపు గెలలు వేలాడదీసేవారు. కొందరు నాసిరకం గెలలు తెచ్చి కట్టారు. మనకెవరైనా ఇస్తే మొహమాటంతో తప్ప పుచ్చుకోని వస్తువును దైవమార్గంలో ఇవ్వడానికి ఏరుకోరాదన్న బఖరా సూరా 267వ వాక్యం ఆ సందర్భంలోనే అవతరించిందని హదీసు ఉల్లేఖనం. చిరిగిన చొక్కాను ఇంట్లోనే తుడుపుగుడ్డగా వాడుకోవచ్చు. దానికి సదఖా అని పేరు పెట్టనక్కరలేదు.

తరువాత, కొత్తవే అయినా వాడనివి. ధర్మవరం మగ్గం మీద నేతగాడు రోజుల తరబడి శ్రమించి నేసిన పట్టుచీర ఒక పెళ్ళిలో మెరిసి, ఆ పైన ఏళ్ళ తరబడి బీరువాలో నిద్రిస్తుంది. చాలామంది గృహిణులకు తెలియని మసలా ఒకటున్నది. వాడుకలో ఉన్న బట్టలకు, పాత్రలకు జకాత్ లేదు, నిజమే. కాని హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం అప్పులు పోను, అవసరానికి మించి వృథాగా పడివున్న సామాను విలువ సుమారు 612 గ్రాముల వెండి ధరకు చేరితే, ఆ వ్యక్తిపై సదఖతుల్ ఫిత్ర్ విధి అవుతుంది. జకాత్ పుచ్చుకునే అర్హత పోతుంది. హిందూపురం మండీలో బెల్లం, చింతపండు వర్తకులు పాత నిల్వ చూడనిదే కొత్త సరుకు దింపరు. మన బీరువాలకు మాత్రం ఆ లెక్క లేదు.

జపాన్‌కు చెందిన మారీ కోండో అనే ఆమె ఇల్లు సర్దుకోవడంపై వ్రాసిన పుస్తకం అనేక దేశాలలో ప్రచారం పొందింది. ప్రతి వస్తువునూ చేతబట్టుకుని, ఇది నాకు ఆనందమిస్తున్నదా అని ప్రశ్నించుకొమ్మంటుంది ఆమె. మంచి ఉపాయమే. మేము అంతకు ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి చేరుస్తాము: ఇది ఎవరిది?

వలీమాకు తెచ్చిన పక్కింటివారి దేగిషా అటక మీద దొరుకుతుంది. పెనుకొండలో బాబా ఫఖ్రుద్దీన్ (రహ్) రాజ్యాన్నే వదలి వచ్చారని చెప్పుకుంటాము; ఆ కథ చెప్పే నోటితోనే దేగిషా సంగతి దాటవేస్తాము. కాగితాల సంచి అడుగున ఇంకా బరువైనది ఉంటుంది: తండ్రిగారి పేరనే ఉన్న భూమి పట్టా. ఆయన పోయి ఏళ్ళయింది. కుమారులు సాగు చేసుకుంటున్నారు. కుమార్తెలు కదిరిలోనో గోరంట్లలోనో అత్తవారిళ్ళలో ఉన్నారు. పండుగకు వారికి చీర వెళుతుంది. నిసా సూరా నిర్ణయించిన వాటా వెళ్ళదు. "ఆపా ఎన్నడూ అడగలేదు కదా" అంటారు. పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయంతో అడగనివారి మౌనం మాఫీ కాదు. భార్యకు బాకీపడిన మెహర్ సంగతీ ఇంతే.

పాపాన్ని మానడం, పశ్చాత్తాపపడడం, మళ్ళీ చేయనని సంకల్పించడం తౌబాకు షరతులని ఇమామ్ నవవీ (రహ్) రియాజుస్సాలిహీన్‌లో వ్రాశారు. సాటి మనిషి హక్కు ఇమిడివుంటే నాలుగవది తోడవుతుంది: ఆ హక్కును అప్పగించడం. తరావీహ్‌లో ఎంత కన్నీరు కార్చినా ఆ నాలుగవదానికి ప్రత్యామ్నాయం కాదు. 622లో మక్కావారు ప్రాణం తీయజూస్తున్న వేళ కూడా దైవప్రవక్త (స) వారి అమానతులను మరువలేదు. ఎవరివి వారికి అప్పగించి రమ్మని హజ్రత్ అలీ (రజి)ని వెనుక నిలిపారు.

ఒక సోదరి ఇటీవల మమ్మల్ని అడిగింది: యజమాని ఎవరో తెలియని వస్తువును ఏం చేయాలని. వెదకాలి, యజమాని మరణిస్తే వారసులకివ్వాలి, వారూ దొరకకుంటే వారి పుణ్యార్థం పేదలకు సదఖా చేయాలని ఫఖీహులు చెప్పారు. భూమి వాటా విషయంలో ఈ వెసులుబాటు అక్కరకు రాదు. అక్కచెల్లెళ్ళ చిరునామాలు మనకు తెలిసినవే.