సూదిమీదనా మన యాగ్రహము?

మత్తుమందును సూదితో నెక్కించుకొనువారికి శుభ్రమైన సిరంజీల నిచ్చుట పాపమునకు పరికరమందించుటయే యని కొందఱు పెద్దలు వాదించుచున్నారు. కల్లుదుకాణములయెదుట పికెటింగు జరిపినవారి వారసులము మేము; మత్తును సమర్థింపము. కాని యీ వాదమును మాత్ర మంగీకరింపజాలము.

మణిపురమును చూడుడు. అది పరదేశము కాదు. 1989వఱకు నచ్చటి సూదిమందువారిలో హెచ్.ఐ.వి. బయటపడలేదు. బయటపడిన పిమ్మట నాఱుమాసములలోనే పరీక్షింపబడినవారిలో నించుమించు సగముమందికి సోకియుండెను. హెరాయిన్ ఆ క్రిమిని పుట్టింపలేదు. ఒకే సూది పలుచేతులు మాఱుటచే నది వ్యాపించెను. పిమ్మట భార్యలకును బిడ్డలకును సోకెను. వారే మత్తును సేవించిరి?

సూదులను కట్టడిచేసిన మత్తు తగ్గునందురా? స్కాట్లండులోని ఎడిన్‌బరోలో 1980 దశకమున నదియే చేసిరి. అమ్మకము సన్నగిల్లెను, పోలీసులు దొరికినవానిని లాగుకొనిరి. సూదులు తగ్గెనే గాని మత్తు తగ్గలేదు. అచ్చటి యొక వైద్యశాలకు వచ్చు సూదిమందువారిని పరీక్షింపగా సగమునకు బైగా హెచ్.ఐ.వి. కానవచ్చెను.

ఇక చట్టము. న్యాయవాదులమైన మేము చట్టములలోని యుదాహరణములను తఱచు చదువకయే దాటిపోవుదుము. దీనిని మాత్రము రెండుమాఱులు చదివితిమి. 2017లో మన పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టపు 22వ సెక్షను, ఇతర చట్టములలో నేమున్నను, కేంద్రప్రభుత్వ మార్గదర్శకముల ననుసరించి రోగవ్యాప్తిని తగ్గించుటకై చేయుపని నేరము కాదనుచున్నది. వాడిన సూదిని పుచ్చుకొని క్రొత్తదాని నిచ్చుటయే యందలి యుదాహరణములలో నొకటి. ఇచ్చినవాడును దోషి కాడు, పుచ్చుకొన్నవాడును కాడు. మన శాసనసభ్యులే యింత స్పష్టముగ పలికియుండగా, జేబులో సిరంజి యున్నదని యువకుని ఠాణాకీడ్చు జమాదారు ఏ చట్టమును పాలించుచున్నాడు?

పట్టుబడుదునను భయముచే నతడు తన సూదిని దగ్గఱ నుంచుకొనడు. సందులోని మఱియొకనిది యడుగును. నీటితో కడిగితిననును. హెపటైటిస్ సి క్రిమి సిరంజిలో 63 దినములవఱకు జీవించుట పరిశోధకులు చూచిరి. మందు కఱగించు గరిటె, వడకట్టు దూది, నీరు, వీనినుండియు నది సోకగలదు. కావున వానినిగూడ నెవరివి వారికే యియ్యవలెను.

మందులషాపువారికి నొకమాట. చిక్కిన చేతులతో వచ్చి సిరంజి యడిగినవానికి "లేదు" అని పంపివేయుచున్నారు. వాడు మత్తు మానుటకై యింటికి పోవుచున్నాడని మీ రెఱుగుదురా?