అటక మీది రౌటర్‌ను కిందికి దించండి

హాల్లో కూర్చుంటే ఇంటర్నెట్ పరుగులు పెడుతుంది. మేడమీది గదిలోకి వెళ్తే గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. అమ్మాయి ఆన్‌లైన్ పరీక్ష సగంలో ఆగిపోతుంది. విదేశంలో ఉన్న కొడుకుతో మాట్లాడుతుంటే తెరమీద బొమ్మ బిగుసుకుపోతుంది. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే... ఇంకాస్త ఎక్కువ స్పీడున్న ప్లాన్‌కు మారిపోవడం. బిల్లు పెరుగుతుంది. మేడమీద పరిస్థితి మాత్రం మారదు. ఎందుకంటే చాలా ఇళ్లలో తప్పు స్పీడుది కాదు, గోడది!

అనుమానం ఉంటే ఓ చిన్న పరీక్ష పెట్టండి. రౌటర్ పక్కనే నిలబడి ఫోన్లో స్పీడ్ టెస్ట్ చేయండి. తర్వాత ఇబ్బంది పెడుతున్న గదిలో చేయండి. రెండుచోట్లా నెమ్మదిగానే ఉంటే లైనులోనే లోపం ఉండొచ్చు, కనెక్షన్ ఇచ్చినవాళ్లతో మాట్లాడాలి. రౌటర్ దగ్గర బాగుండి గదిలో పడిపోతుంటే... అడ్డం గోడలూ, స్లాబే. ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటును దాటేసరికి సిగ్నల్ నీరసించిపోతుంది. 5 గిగాహెర్ట్జ్ వైఫైకి వేగం ఎక్కువే కానీ గోడలు దాటడంలో అది 2.4 గిగాహెర్ట్జ్ కంటే వెనకే.

దీనికి మందు బహుశా మీ అటక మీదే ఉంది. ఫైబర్ కనెక్షన్ తీసుకున్నప్పుడు పక్కన పడేసిన పాత రౌటర్‌ను దించండి. టెలిఫోన్ తీగ గుచ్చే పాతకాలపు బ్రాడ్‌బ్యాండ్ మోడెం-రౌటర్ అయినా ఫరవాలేదు. ఆ తీగ పెట్టే చోటు ఖాళీగా వదిలేస్తాం, అంతే.

ఇలా చేయండి

* పాత రౌటర్‌ను ఆన్ చేసి, వెనకున్న రీసెట్ రంధ్రంలో గుండుసూదితో 10 సెకన్లపాటు నొక్కి పట్టుకోండి. పాత సెట్టింగులన్నీ పోతాయి.

* దాన్ని కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, అడుగున స్టిక్కర్ మీదున్న అడ్రస్‌ను బ్రౌజర్‌లో కొట్టండి. లోపలికి వెళ్లగానే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చేయండి.

* వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం కింది రౌటర్‌కు ఉన్నవే ఇవ్వండి. ఛానల్ మాత్రం వేరుగా ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఒకదానికొకటి అడ్డు రావు. అక్కడ 1 ఉంటే ఇక్కడ 6 లేదా 11 పెట్టండి.

* కింది రౌటర్ ఐపీ అడ్రస్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వొచ్చు. అయితే కింది రౌటర్ ఫోన్లకు పంచే నంబర్లలో అది ఉండకూడదు. ఉంటే వేరేది ఎంచుకోండి.

* చివరగా డీహెచ్‌సీపీని ఆపేయండి. ఇంట్లోని ప్రతి ఫోనుకూ, టీవీకీ ఓ నంబరు కేటాయించే పని దానిది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడనట్టే ఇద్దరు నంబర్లు పంచితే గందరగోళమే.

* ఇక కింది రౌటర్ ల్యాన్ పోర్టు నుంచి పాతదాని ల్యాన్ పోర్టుకు కేబుల్ లాగండి. వ్యాన్ అని రాసి ఉన్న పోర్టు జోలికి వెళ్లొద్దు.

కొన్ని రౌటర్లలో 'యాక్సెస్ పాయింట్' అనే ఆప్షన్ ఉంటుంది. అది నొక్కితే ఇందులో చాలా పని అదే చేసేస్తుంది. అప్పుడు కేబుల్ ఏ పోర్టులో పెట్టాలో దాని మాన్యువల్ చూసుకోండి.

తీగ లాగలేమా?

క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది కాబట్టి ఇంటికి దూరం సమస్య కాదు. కరెంటు తీగలున్న పైపులో మాత్రం దీన్ని దూర్చకండి. కేబుల్ లాగే వీలే లేకపోతే, రౌటర్‌లో రిపీటర్ ఆప్షన్ ఉందేమో చూడండి. గాల్లో వచ్చిన సిగ్నల్‌ను అందుకుని మళ్లీ గాల్లోకే వదులుతుంది. ఒకే రేడియోతో రెండు పనులూ చేయాలి కాబట్టి వేగం సుమారు సగానికి పడిపోతుంది. దాన్ని సిగ్నల్ లేని గదిలో పెడితే లాభం లేదు. సగం దారిలో, సిగ్నల్ ఇంకా బాగున్నచోట పెట్టాలి. ఏ పద్ధతిలోనైనా ఇనప బీరువా వెనకా, మైక్రోవేవ్ పక్కనా రౌటర్ పెట్టొద్దు.

ఇది మాత్రం వాడొద్దు

పాతదాని నుంచి కొత్తదాని వేగం ఆశించకూడదు. 100 ఎంబీపీఎస్ పోర్టులున్న రౌటర్ అంతకు మించి ఇవ్వలేదు. పాఠాలకూ, వీడియో కాల్‌కూ అది ఎక్కువే. ఒక్కోసారి ఫోను మేడమీదికొచ్చినా కింది రౌటర్‌నే పట్టుకు వేలాడుతుంది. వైఫై ఓసారి ఆపి మళ్లీ పెడితే సరి.

భద్రత దగ్గర మాత్రం రాజీ వద్దు. సెట్టింగుల్లో డబ్ల్యూపీఏ2 లేక వెప్ ఒక్కటే కనిపిస్తే ఆ రౌటర్‌ను వాడకండి. వెప్ తాళాన్ని పరిశోధకులు 2001లోనే ఛేదించారు. డబ్బు లావాదేవీలన్నీ ఫోన్లోనే నడుస్తున్న ఇంట్లో అలాంటిది పెట్టడమంటే వీధి తలుపు తెరిచి పడుకోవడమే. డబ్ల్యూపీఏ2 ఉన్నా, కంపెనీ వెబ్‌సైట్లో కొత్త ఫర్మ్‌వేర్ ఉంటే ముందు అది ఎక్కించండి. పనికిరాదని తేలితే చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వండి. రౌటర్ కనెక్షన్ ఇచ్చిన కంపెనీదైతే తిరిగి ఇచ్చేయాల్సి ఉంటుందేమో కనుక్కోండి.

పెద్ద ప్లాన్‌కు మారితే ఆ అదనపు ఖర్చు ప్రతి నెలా ఉంటుంది. కేబుల్ ఖర్చు ఒక్కసారే. కాబట్టి ప్లాన్ మార్చేముందు ఓ ఆదివారం మధ్యాహ్నం అటక ఎక్కి చూడండి.