పొద్దుటి తొందరలో మధ్యాహ్నపు సద్ది

ఎనిమిదిన్నరకు బడి బస్సు, తొమ్మిదింటికి ఆఫీసు. ఆలోగా యిల్లాలు ఫలహారమూ చెయ్యాలి, మధ్యాహ్నానికి డబ్బాలూ సర్దాలి. అందుకే చాలా యిళ్ళల్లో డబ్బాలోకి నిమ్మకాయ పులిహోరో, పెరుగన్నమో, అదీ కుదరకపోతే బజారు రొట్టెకు జాము పూసిన రెండు ముక్కలో వెడుతున్నాయి. వాటితో కడుపు నిండుతుంది, కాదనను. కాని ఎదిగే పిల్లలకు కడుపు నిండితే చాలునా?

రెండు రొట్టెముక్కల మధ్య ఏదైనా పెట్టుకు తినడాన్ని ఇంగ్లీషువారు శాండ్‌విచ్ అన్నారు. 1762లోనే గిబ్బన్ అనే చరిత్రకారుడి దినచర్యలో ఆ మాట కనిపిస్తుంది. టర్కీ కోడి మాంసం పెట్టిన శాండ్‌విచ్ అంటే పడమటి దేశాలవారికి మంచి మధ్యాహ్న భోజనం. తిరుపతి, చిత్తూరు బజార్లలో టర్కీ కోడి దొరకలేదని మనం బెంగపడనక్కరలేదు. రాగిరొట్టె వుంది, మధ్యలో పెట్టుకోవడానికి ఊరిబిండి వుంది. సంగటి ముద్ద పొలానికి సద్ది కట్టిన సీమ మనది. సంగటి డబ్బాలో చల్లారితే గట్టిపడుతుంది గాని, రొట్టెకు ఆ చిక్కు తక్కువ.

బిండి ముందురోజు రాత్రే చేసుకోండి. ఒక గ్లాసు చెనిగ్గింజలు సన్నని సెగమీద వేయించి, పొట్టు నలిపి చెరిగెయ్యండి. నాలుగైదు ఎండుమిరపకాయలు చుక్క నూనెలో వేయించి, చిన్న గోలీ అంత చింతపండు, మూడు వెల్లుల్లి రేకలు, ఉప్పు చేర్చి, నీళ్ళు చిలకరించి కచ్చాపచ్చాగా దంచండి. రోలు లేకపోతే మిక్సీలో ఆపి ఆపి తిప్పండి, మెత్తనైతే రుచి పోతుంది. డబ్బాకు పెట్టేదానిలో కొబ్బరి, పచ్చి ఉల్లిపాయ వద్దు. మన ఎండలకు మధ్యాహ్నానికల్లా వాసన వేస్తాయి.

ఇక రొట్టె. ఒకటిన్నర గ్లాసు నీళ్ళు ఉప్పు వేసి తెర్లనిచ్చి, దించి, రెండు గ్లాసుల రాగిపిండి పోసి కలిపి, అయిదు నిమిషాలు మూత పెట్టండి. పిండిని బట్టి నీళ్ళు కాస్త అటూ ఇటూ అవుతాయి. చెయ్యి పట్టగల వేడిలో గుప్పెడు మునగాకు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, జీలకర్ర వేసి బాగా మర్దించండి. చన్నీళ్ళతో కలిపితే రొట్టె అంచులు పగిలి, చల్లారగానే అట్టలా బిరుసెక్కుతుంది. మెత్తదనమంతా ఆ వేణ్ణీళ్ళలోనే వుంది. తడిబట్టమీద పలచగా తట్టి, పెనంమీద రెండువైపులా కాల్చి, వేడివేడిగా గుడ్డలో చుట్టి వుంచండి. వేడి కాస్త తగ్గాక సగం మేర బిండి పూసి, మడిచి, డబ్బాలో పెట్టండి. గుడ్డు తినేవాళ్ళు పలచని అట్టు ఒకటి మధ్యలో పరచవచ్చు. పిండి కలిపేటప్పుడు మీ రొట్టె కూడా లెక్కలో వేసుకోండి. అందరికీ సర్ది, తాను రెండు గంటలకు మిగిలిన మెతుకులతో సరిపెట్టుకునే తల్లులు చాలామంది వున్నారు.

బలం మాటకొస్తే, వంద గ్రాముల రాగుల్లో ఎముకలకు కావలసిన కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములుంటుంది. తెల్లబియ్యంలో పది దాటడం కష్టం. రాగుల్లో తక్కువైన మాంసకృత్తులను చెనిగ్గింజలు పూడుస్తాయి, వాటిలో వందకు పాతిక గ్రాముల దాకా వుంటాయి. సగానికి సగం నూనే గనుక, రొట్టెకు వేరే నెయ్యి పులమనక్కరలేదు. రాగులు తింటే చక్కెర జబ్బు పోతుందని కొందరంటారు. నమ్మకండి. ఆ జబ్బున్నవాళ్ళు రాగిరొట్టెకూ కొలత పాటించవలసిందే.

ఇందాకటి టర్కీ కోళ్ళకూ మన చెనక్కాయలకూ ఒక విచిత్రమైన సంబంధం వుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. ఆరా తీస్తే, వాటి మేతలో కలిపిన బ్రెజిల్ చెనక్కాయల పిండికి బూజు పట్టిందని తేలింది. ఆ బూజు పుట్టించే విషానికే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. అది మనుషుల కాలేయానికీ చేటే. వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. నారాయణి, ధరణి వంటి మంచి రకాలు తిరుపతి పరిశోధనా కేంద్రంనుంచే వచ్చాయి. కాని ఏ రకమైనా తడి తగిలితే బూజు పడుతుంది. కాబట్టి గింజలు మూకుడులో వేసేముందు పళ్ళెంలో పరచి చూడండి. ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు మచ్చలున్నవి, నోట్లో వేస్తే చేదుగా తగిలినవి ఏరి పారెయ్యండి. అవి పశువులకూ పెట్టకండి. ఎక్కువ కొనదలచినవాళ్ళు కాయలుగానే కొని, ఎండబెట్టి, తడి లేనిచోట దాచుకుని, కావలసినప్పుడల్లా ఒలుచుకోవడం మేలు.

డబ్బాలో ఒక నిమ్మచెక్క వుంచితే తినేముందు రొట్టెలో పిండుకోవచ్చు. రాగుల్లోనూ మునగాకులోనూ వున్న ఇనుము ఒంటికి పట్టడానికి పులుపు సాయపడుతుంది. భోజనం కాగానే తాగే కాఫీ దానికి అడ్డు గనుక, పెద్దవాళ్ళు ఒక గంట ఆగి తాగితే మంచిది. మిగిలిన బిండి ఫ్రిజ్‌లో పెడితే మర్నాడు దోసెల్లోకి వస్తుంది.