పరుషమైన పాటలో ఒక మొర



అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో కాంప్టన్ అనే ఊరుంది. 1987లో అక్కడి నల్లజాతి యువకులు కొందరు ఎన్.డబ్ల్యు.ఏ. అనే ర్యాప్ బృందంగా కూడారు. వారి పాటల్లో బూతులున్నాయి, హింస ఉంది, స్త్రీలను కించపరచే మాటలున్నాయి. వాటిని మేము సమర్థించము. అయితే పోలీసులు ఒంటిరంగు చూసి తమను వేధిస్తున్నారని వారు ఒక పాటలో మొరపెట్టారు. 1989లో ఎఫ్.బి.ఐ. అధికారి ఒకరు ఆ పాటను తప్పుపడుతూ రికార్డు కంపెనీకి ఉత్తరం రాశారు. 1991లో రాడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ణి లాస్ ఏంజెలిస్ పోలీసులు చావబాదడం వీడియోలో లోకమంతా చూసింది.

మాట చెడ్డదే గాని మొర అబద్ధం కాదు. మన పిల్లలు కోపంతో మాట్లాడినప్పుడు నోరు మూయించక ముందు, గాయమెక్కడో అడుగుదాం.