మీ చేతి గుణం కాదు, నీటి గుణం!

ప్యాకెట్టుకు ప్యాకెట్టు చల్లినా నాలుగు మొలకలైనా రాలేదా? "నీ చేత్తో వేస్తే ఏదీ మొలవదమ్మా" అని అత్తగారో ఆడపడుచో దెప్పారా? మనసు కష్టపెట్టుకోకండి. దివిసీమ లాంటి సముద్ర తీరపు ఊళ్ళలోనూ, ఉప్పునీటి బోర్లున్న ఇళ్ళలోనూ చాలాసార్లు తప్పు చేతిది కాదు, నీటిది.

గింజ మొలవాలంటే ముందు నీళ్ళు పీల్చి ఉబ్బాలి. ఊరగాయకు ఉప్పు కలపగానే ముక్కల్లోంచి నీరు ఊరడం మనకు తెలిసిందే కదా! మట్టిలో ఉప్పు ఎక్కువైనా అంతే. నీటిని తనే పట్టి ఉంచి, గింజకు అందనివ్వదు.

ముందు ఈ చిన్న పరీక్ష చేసి చూడండి. రెండు గుడ్డముక్కల్లో ఇరవయ్యేసి గింజలు మూటకట్టండి. ఒకదాన్ని వాననీటితోగానీ మంచినీటితోగానీ, రెండోదాన్ని మీ బోరు నీటితో తడుపుతూ ఉండండి. ఆరిపోనివ్వకండి. వారం పదిరోజుల్లో మంచినీటి మూటలోవే మొలిస్తే ఉప్పే కారణం. రెండింట్లోనూ మొలవకపోతే గింజలే పాతవయ్యుండాలి.

ఉప్పే కారణమైతే ఇలా చేయండి.

* టమాటా, వంగ, మిరప, బెండ గింజల్ని రాత్రి మంచినీళ్ళలో నానబెట్టి, పొద్దున్నే నీడన ఆరబెట్టి వెంటనే నాటండి. కావలసిన నీరు కొంత ముందే అందుతుంది కాబట్టి త్వరగా మొలుస్తాయి.

* చిక్కుడు, బీన్స్ గింజల్ని రాత్రంతా నాననివ్వకండి. పగిలి కుళ్ళిపోతాయి. రంగుమందు పట్టించిన గింజల్ని అసలు నానబెట్టవద్దు.

* బోదె నెత్తిన గింజ పెట్టకండి. నీరు ఆవిరయ్యేకొద్దీ ఉప్పంతా అక్కడికే చేరి తెల్లగా పేరుకుంటుంది. బోదె పక్కవాటున, తడి తగిలేచోట నాటి, పైన పల్చగా ఎండుగడ్డి కప్పండి. మొలకలు కనిపించగానే గడ్డి తీసేయండి.

* కుండీల్లో అయితే నాటేముందు అడుగు చిల్లులోంచి ధారగా కారేదాకా రెండు మూడుసార్లు మంచినీళ్ళు పోయండి. కింద పళ్ళెంలో చేరిన నీటిని పారబోయండి. నాటేటప్పుడు రసాయన ఎరువు వేయకండి, అదీ ఒకరకం ఉప్పే.

* మంచినీటికి కొరతగా ఉంటే మంచినీళ్ళతో బియ్యం కడిగిన కడుగు పోయవచ్చు. ఉప్పు వేసి ఉడికించిన నీళ్ళు మాత్రం వద్దు.

ఎవరో చెప్పారని జిప్సం చల్లేయకండి. అది కారుచౌడుకు మందు. తెల్లగా పేరుకునే పాలచౌడుకు మంచినీటితో కడిగి, ఆ నీరు బయటికి పోయే దారి చూపడమే మందు. మీది ఏ చౌడో తెలియకపోతే మట్టినీ నీటినీ భూసార పరీక్ష కేంద్రంలో చూపించండి.

బీన్స్, కారెట్, ఉల్లి ఉప్పును బొత్తిగా తట్టుకోలేవు. బీట్‌రూట్ ఎదిగాక బాగా ఓర్చుకుంటుందిగానీ, మొలకప్పుడు దానికీ మంచినీరే కావాలి. పసిపిల్లకు పాలు పట్టినట్టు ఆ మొదటి పదిరోజులూ మంచినీరు పోయండి చాలు. మీ చేతి చలవ ఏపాటిదో ఇంట్లోవాళ్ళే చూస్తారు!