తలుపు వేసి వినవలసిన మాట

ఆలుమగల తగాదా ముదిరితే కోడేరు వైపు ఊళ్లలో పెద్దమనుషుల పంచాయితీ కూర్చోవడం పాత అలవాటు. తాగుడు, అప్పు, పిల్లలు కలగకపోవడం, ఏదైనా అందరి ముందే బయటపడుతుంది. పెద్దలు నిలబెట్టిన కాపురాలు లేకపోలేదు. కానీ తప్పెవరిదో తేలగానే అందరూ లేచి వెళ్లిపోతారు. తలవంచుకున్న మనిషి లోపల ఏం జరుగుతున్నదో అడిగేవారుండరు.

వలసలకు పేరుపడ్డ పాలమూరు సీమ ఇది. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని దూరం పోయిన భర్త అప్పు తీరకుండానే తిరిగొస్తాడు. భార్య లెక్క అడుగుతుంది. ఆమెకు కావలసింది లెక్కే. అతనికి వినబడేది ‘నువ్వు చేతకానివాడివి’ అని. మొహం చెల్లక కసురుతాడు, లేదా లేచి బయటికి పోతాడు. తనకు విలువే లేదనుకుని ఆమె మరింత గట్టిగా నిలదీస్తుంది. అవమానం ఇద్దరిదీ. కనిపించేది మాత్రం ఎదుటివారి కోపం.

అమెరికన్ మానసిక విశ్లేషకురాలు హెలెన్ బ్లాక్ లూయిస్ 1971లోనే ఈ ముడిని విప్పి చూపారు. చేసిన పని తప్పనిపిస్తే మనిషి సరిదిద్దుకోవాలని చూస్తాడు. తానే పనికిరానివాడినని అనిపిస్తే దాక్కుంటాడు, లేదా మండిపడతాడు. అందుకే దంపతుల కౌన్సెలింగులో మంచి నిపుణులు తీర్పు జోలికి పోరు. ‘ఆమె ఆ మాట అన్నప్పుడు నీకేమనిపించింది?’ అని నిదానంగా అడుగుతారు. ‘నీకు మొహం చూపించలేకపోయాను’ అని అతడు అనగలిగితే అప్పు తీరదు గానీ, దాని గురించి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునే వీలు దొరుకుతుంది. సంతానం విషయంలో ఈ బిడియం మరీ క్రూరం. నింద ఆమె మోస్తుంది, పరీక్షకు అతడు వెనకాడతాడు.

అయితే కొట్టే చేతికి సిగ్గు సాకు కాకూడదు. దెబ్బలున్న చోట ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడితే ఆమెకే ప్రమాదం. అక్కడ ముందు గుర్తుకు రావలసింది 2005 గృహహింస చట్టం, 181 మహిళా హెల్ప్‌లైన్.

2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులో ఉచితంగా మాట్లాడుతుంది. అది మంచి మొదలు. కానీ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవలసిన మాటలకు ఫోను చాలదు. మండల ఆసుపత్రిలో వారానికి ఒక పూట ఒక గది, ఓపికగా వినే కౌన్సెలర్ ఉండాలి. పంచాయితీ పెద్దలే జంటను అక్కడికి పంపాలి. ఆసుపత్రే ఎందుకంటే, జ్వరానికి వచ్చినవాళ్లతో పాటే లోపలికి వెళ్లి రావచ్చు. ఎందుకొచ్చారని ఎవరూ ఆరా తీయరు.